పళ్లెంలో లోటు.. రక్తంలో కొరత

ఉదయం ప్రార్థన సమయంలో కళ్లు తిరిగి కూలబడే బాలికలు, రెండో అంతస్తులోని తరగతి గదికి చేరేసరికి ఆయాసపడే బాలికలు, మధ్యాహ్నం మూడు దాటితే పుస్తకం మీద దృష్టి నిలపలేని బాలికలు ఏ ఉన్నత పాఠశాలలోనైనా కనిపిస్తారు. 'సరిగా తినదు', 'బలహీనం', 'బద్ధకం' అన్న మాటలతో ఇంట్లోనూ బడిలోనూ ఈ లక్షణాలను తేలికగా తీసుకోవడం పరిపాటి. వీటిలో అధిక భాగానికి మూలం రక్తహీనత. వేరుశనగ, ఉలవలు, జొన్న, సజ్జ పండే అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు కూడా ఈ సమస్యకు దూరంగా లేవు. పొలంలో పండే పోషకం పళ్లెంలోకి చేరకపోవడం, చేరినది ఒంటికి పట్టకపోవడం ఇందుకు రెండు ముఖ్య కారణాలు. ఈ రెండింటినీ సరిదిద్దుకోవడం సామాన్య కుటుంబానికి కూడా సాధ్యమేనన్నది పోషకాహార శాస్త్రం చెబుతున్న మాట.

లెక్కలు చెప్పే నిజం

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల బాలికల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. నాలుగో సర్వే (2015-16)లో ఇది 54.1 శాతం. అంటే నాలుగైదేళ్లలో సమస్య తగ్గకపోగా పెరిగింది. అదే వయసు బాలురలో ఈ సంఖ్య 31.1 శాతం మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు బాలికల్లో 60.1 శాతం, తెలంగాణలో 64.7 శాతం మంది రక్తహీనులని అదే సర్వే తేల్చింది. వరుసగా నిలబెట్టి లెక్కిస్తే ప్రతి ఐదుగురిలో ముగ్గురికి రక్తం తక్కువగా ఉన్నట్లే.

2016-18లో నిర్వహించిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే మాత్రం 10 నుంచి 19 ఏళ్ల బాలికల్లో 40 శాతం మందికి, బాలురలో 18 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు పేర్కొంది. రెండు సర్వేలు ఎంచుకున్న వయసులు వేరు. పైగా మొదటిదానిలో వేలికొన నుంచి తీసిన రక్తపు చుక్కను, రెండోదానిలో సిర నుంచి తీసిన రక్తాన్ని పరీక్షించారు. అందువల్లనే సంఖ్యల్లో తేడా వచ్చింది. ఏ లెక్క తీసుకున్నా బాలురతో పోలిస్తే బాలికల్లో సమస్య దాదాపు రెట్టింపు ఉందన్న విషయంలో మాత్రం భేదం లేదు.

రక్తహీనత అంటే..

రక్తానికి ఎరుపు రంగునిచ్చే పదార్థం హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును శరీరంలోని ప్రతి కణానికి మోసుకుపోయేది ఇదే. దీని తయారీకి ఇనుము తప్పనిసరి. శరీరంలో ఉండే ఇనుములో దాదాపు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఇనుము చాలకపోతే ఎర్ర రక్త కణాలు చిన్నవిగా, పాలిపోయినట్లుగా తయారవుతాయి. ప్రాణవాయువు సరఫరా తగ్గుతుంది. కండరాలు త్వరగా అలసిపోతాయి. మెదడు చురుకుదనం తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం 12 ఏళ్లు దాటిన బాలికల్లో ప్రతి డెసీలీటరు రక్తానికి కనీసం 12 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. 11 నుంచి 11.9 గ్రాముల మధ్య ఉంటే స్వల్ప రక్తహీనతగా, 8 నుంచి 10.9 మధ్య ఉంటే మధ్యస్థంగా, 8 కంటే తగ్గితే తీవ్రంగా పరిగణిస్తారు. 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకు కనీస పరిమితి 11.5 గ్రాములు.

ఇనుము లోటు ఒక్కరోజులో రక్తహీనతగా మారదు. మొదట శరీరంలోని నిల్వలు కరుగుతాయి. ఆ తర్వాత కణాలకు అందే ఇనుము తగ్గుతుంది. చివరగా హిమోగ్లోబిన్ పడిపోతుంది. పరీక్షలో రక్తం తక్కువగా ఉన్నట్లు తేలేసరికి లోటు మొదలై చాలా కాలమై ఉంటుంది. పరీక్షలో 12 గ్రాములు వచ్చిన బాలికకూ నిల్వలు అడుగంటి ఉండవచ్చు.

బాలికలకే ఎందుకు ఎక్కువ?

కౌమార దశలో శరీరం వేగంగా పెరుగుతుంది. ఎత్తు, బరువు, కండరాలతో పాటు రక్త పరిమాణమూ పెరుగుతుంది. పెరిగే రక్తానికి అదనపు ఇనుము కావాలి. ఈ అవసరం బాలబాలికలిద్దరికీ ఉంటుంది. బాలికల్లో దీనికి తోడు నెలసరి మొదలవుతుంది. ప్రతి నెలా సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది కనుక నెలకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల ఇనుము ఈ రూపంలో బయటికి వెళ్తుంది. 80 మిల్లీలీటర్లకు మించి రక్తస్రావమైతే దాన్ని అధిక రుతుస్రావంగా భావించి వైద్యులను సంప్రదించాలి. సిగ్గుతోనో, 'అందరికీ అంతేలే' అన్న ఊరడింపుతోనో దీన్ని దాచుకునే బాలికల్లో రక్తహీనత త్వరగా ముదురుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన సిఫార్సుల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల బాలికకు రోజుకు 30 మిల్లీగ్రాములు, 16 నుంచి 18 ఏళ్ల బాలికకు 32 మిల్లీగ్రాముల ఇనుము ఆహారంలో ఉండాలి. 13 నుంచి 15 ఏళ్ల బాలురకు 22 మిల్లీగ్రాములు చాలు. అంటే అన్న కంటే చెల్లెలి పళ్లెంలోనే ఇనుము ఎక్కువ ఉండాలి. ఎక్కువ ఇళ్లలో జరిగేది దీనికి విరుద్ధం. మగపిల్లలు, పెద్దలు తిన్న తర్వాత మిగిలినదాన్ని తల్లీకూతుళ్లు సర్దుకోవడం, గుడ్డు ఒకటే ఉంటే అది కొడుక్కి వెళ్లడం పల్లెల్లో ఇప్పటికీ ఉన్న అలవాటే.

పళ్లెంలో ఉన్నదెంత?

రోజుకు మూడు పూటలా అన్నం తినే బాలిక ఉదాహరణ తీసుకుంటే లెక్క స్పష్టమవుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికల ప్రకారం పాలిష్ చేసిన 100 గ్రాముల బియ్యంలో ఉండే ఇనుము 0.65 మిల్లీగ్రాములు. రోజుకు 350 గ్రాముల బియ్యం వండుకు తిన్నా అందేది 2.3 మిల్లీగ్రాములు మాత్రమే. 30 గ్రాముల కందిపప్పుతో మరో 1.2 మిల్లీగ్రాములు చేరతాయి. పలుచటి చారు, కొద్దిపాటి కూర, మజ్జిగ కలుపుకొన్నా మొత్తం ఐదారు మిల్లీగ్రాములు దాటదు. అవసరంలో అది ఐదో వంతు. కడుపు నిండుతుంది, ఆకలి తీరుతుంది, రక్తం మాత్రం పట్టదు.

అదే పట్టికల్లో 100 గ్రాముల సజ్జల్లో 6.4, రాగుల్లో 4.6, జొన్నల్లో దాదాపు 4, ఉలవల్లో 8.8 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నట్లు నమోదైంది. తోటకూర, మునగాకుల్లో సుమారు 4.6 మిల్లీగ్రాముల చొప్పున ఉంది. ఒక బాలిక రోజు మొత్తంలో 100 గ్రాముల సజ్జ పిండితో రొట్టెలు, 100 గ్రాముల రాగి పిండి కలిపిన సంగటి, 40 గ్రాముల ఉలవ గుగ్గిళ్లు, 100 గ్రాముల తోటకూర పప్పులో వేసుకుని, ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగ గింజలు, 150 గ్రాముల బియ్యంతో అన్నం తిన్నదనుకుంటే దాదాపు 23 మిల్లీగ్రాముల ఇనుము సమకూరుతుంది. మొదటి పళ్లెం కంటే ఇది సుమారు నాలుగు రెట్లు. వీటిలో ఏ ఒక్కటీ దూర ప్రాంతాల నుంచి తెచ్చుకోవలసిన వస్తువు కాదు.

రంగును చూసి రక్తాన్ని ఊహించుకోవడం మరో పొరపాటు. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కనుక రక్తం పడుతుందన్న నమ్మకం బలంగా ఉంది. ఈ రెండింటిలోనూ 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా లేదు. అవి మంచి ఆహారమే అయినా రక్తహీనతకు మందు కాదు. వాటికి వెచ్చించే డబ్బుతో గుడ్లు, ఉలవలు, ఆకుకూరలు కొనడం మేలు.

తిన్నదంతా ఒంటబట్టదు

ఆహారంలో ఇనుము రెండు రూపాల్లో ఉంటుంది. మాంసం, చేపలు, కాలేయం వంటి వాటిలోని ఇనుమును శరీరం 15 నుంచి 35 శాతం దాకా గ్రహిస్తుంది. ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుములో సాధారణంగా ఒంటబట్టేది పది శాతం లోపే. ధాన్యాల పైపొరల్లోని ఫైటేట్లు, టీ, కాఫీల్లోని టానిన్లు, కొన్ని ఆకుకూరల్లోని ఆక్జలేట్లు ఇనుమును పట్టి ఉంచి పేగుల్లోకి ఇంకనివ్వవు. రాగుల్లో సమృద్ధిగా ఉండే సున్నం కూడా ఇనుము శోషణను కొంత తగ్గిస్తుంది. ఎముకలకు రాగులు ఎంతో మేలు చేసినా, కేవలం రాగిజావతో రక్తహీనత తీరుతుందని భావించరాదు.

అడ్డంకులు ఉన్నట్లే వాటికి విరుగుడులూ ఉన్నాయి. సి విటమిన్ ఉన్న పదార్థాన్ని అదే పూట తీసుకుంటే ధాన్యాలు, ఆకుకూరల్లోని ఇనుము మరింతగా ఒంటబడుతుంది. 100 గ్రాముల ఉసిరికాయల్లో సుమారు 250, జామకాయలో 200కు పైగా మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. పప్పు పొయ్యి మీద నుంచి దించిన తర్వాత నిమ్మరసం పిండటం, భోజనంతో పాటు ఒక జామకాయ తినడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వేడికి సి విటమిన్ నశిస్తుంది కనుక నిమ్మరసాన్ని ఉడికేటప్పుడు కాక చివర్లో కలపాలి.

గింజలను నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్లు తగ్గుతాయి. రాత్రంతా పులిసిన అంబలి, నానబెట్టి మొలక కట్టిన ఉలవలు, పెసలు, పులిసిన పిండితో చేసిన ఇడ్లీ, దోసె ఈ కోవలోనివే. చింతచిగురు, గోంగూర వంటి పుల్లని కూరలను ఇనుప మూకుడులో వండితే పాత్ర నుంచి కొంత ఇనుము ఆహారంలోకి దిగుతుంది. అల్యూమినియం, నాన్‌స్టిక్ పాత్రలు వచ్చాక ఆ మూకుళ్లు అటకెక్కాయి.

భోజనం ముగియగానే టీ తాగే అలవాటు చేసే నష్టం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు తాగరాదని 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు సూచించాయి. ఉదయం ఏమీ తినకుండా టీలో రెండు బిస్కెట్లు ముంచుకు తిని బస్సు పట్టుకునే బాలికకు నష్టం రెండు విధాలా కలుగుతుంది. తినవలసిన పోషకం తప్పిపోతుంది, తిన్న కాస్తా ఒంటబట్టదు.

సంగటి నుంచి సన్నన్నం దాకా

రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు రాగి సంగటి, జొన్న రొట్టె, సజ్జ రొట్టె, కొర్రన్నం రోజువారీ ఆహారం. వరి అన్నం పండుగకో, చుట్టాలు వచ్చినప్పుడో వండేవారు. మెట్ట పొలాల్లో వేరుశనగ సాగు విస్తరించడంతో చిరుధాన్యాల విస్తీర్ణం కుంచించుకుపోయింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. పేదల ఇళ్లలో ఆకలి తగ్గించడంలో ఆ పథకం పాత్ర కాదనలేనిది. అయితే కాలక్రమంలో మూడు పూటలా అన్నమే తినడం హోదాగా, సంగటి తినడం లేమిగా భావించే ధోరణి ప్రబలింది. బియ్యం ఎంత తెల్లగా ఉంటే అంత గొప్పన్న భావనతో పాలిష్ పెరిగింది. తవుడుతో పాటు ఇనుము, బి విటమిన్లు కూడా మరలోనే పోయాయి.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి జరిపిన తర్వాత పట్టణాల్లో వీటికి గిరాకీ పెరిగింది. ఒకప్పుడు పేదవాని కూడుగా ఉన్న కొర్రలు, సామలు నేడు బియ్యం కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి. పేద ఇళ్లలోకి ఇవి మళ్లీ రావాలంటే కొన్నింటిపై ఆశ పెట్టుకోవడం కంటే సజ్జలు, జొన్నలు, ఉలవల వంటి చవకైన వాటిని ఎంచుకోవడం ఆచరణయోగ్యం. సొంత పొలం ఉన్న రైతు వేరుశనగలో అంతర పంటగానో, గట్ల వెంటనో ఇంటి అవసరానికి సరిపడా వేసుకోవచ్చు. పెరట్లో ఒక మునగ చెట్టు ఉంటే ఏడాది పొడవునా ఆకు అందుతుంది.

చిమ్మిలి చెప్పే పాఠం

బాలిక రజస్వల అయినప్పుడు నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి, మినప సున్నుండలు, కొబ్బరి పెట్టడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. నువ్వులు, మినుములు రెండింటిలోనూ ఇనుము, మాంసకృత్తులు పుష్కలంగా ఉన్నాయి. నెలసరి మొదలైన శరీరానికి అదనపు పోషకం కావాలన్న ఎరుక పెద్దలకు ఉందనడానికి ఇది నిదర్శనం. లోపమల్లా ఆ ఆదరణ పది పదకొండు రోజులతో ముగియడమే. రుతుక్రమం అక్కడి నుంచి మూడు దశాబ్దాలకు పైగా కొనసాగుతుంది. అవసరం నెలనెలా ఉంటుంది, చిమ్మిలి మాత్రం ఒక్కసారే పెడతారు. వారానికి రెండు మూడు సార్లు నువ్వుల ఉండ, సున్నుండ, పల్లీ పట్టి ఇవ్వడం అలవాటు చేస్తే పాత ఆచారమే ఆరోగ్య సూత్రమవుతుంది.

దీనికి విరుద్ధంగా పనిచేసే నమ్మకాలూ ఉన్నాయి. నెలసరి రోజుల్లో గుడ్డు, మాంసం, నువ్వులు 'వేడి' చేస్తాయని, బొప్పాయి తినరాదని బాలికలకు పెట్టకుండా ఆపుతారు. వీటికి శాస్త్రీయ ఆధారం లేదు. రక్తం పోయే రోజుల్లో పోషకాహారాన్ని తగ్గించడం లోటును పెంచడమే అవుతుంది.

బడి భోజనం తోడ్పాటు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వండిన మధ్యాహ్న భోజనం 2003 నుంచి అందుతోంది. తర్వాతి కాలంలో గుడ్లు, వేరుశనగ చిక్కీ భోజన పట్టికలో చేరాయి. 2023 మార్చిలో రాగిజావ కూడా జతయింది. గోదావరి లంకల్లో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరును 2024లో ఈ పథకానికి పెట్టారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు కూడా మధ్యాహ్న భోజనం అందించడం మొదలైంది. పదో తరగతితో ఆగిపోయిన భోజనం ఇంటర్‌కు విస్తరించడం 16, 17 ఏళ్ల బాలికలకు ఎంతో మేలు చేసే నిర్ణయం.

బడి భోజనాన్ని తినకుండా వదిలేసే బాలికలు మాత్రం ప్రయోజనం కోల్పోతున్నారు. గుడ్డు వాసన నచ్చదని, ఎత్తు పెరిగే కొద్దీ లావవుతామన్న భయంతోనో, తోటివారి ముందు నామోషీ అనో కొందరు భోజనానికి దూరంగా ఉంటారు. ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నంతోనో, దుకాణంలో కొన్న చిప్స్ పొట్లంతోనో సరిపెట్టుకుంటారు. గుడ్డు, చిక్కీ పంచిన లెక్కతో పాటు ఎందరు తిన్నారన్న లెక్క కూడా పాఠశాలలో ఉండాలి. వారంలో కొన్ని రోజులైనా పప్పులో ఆకుకూర తప్పనిసరి చేయడం, వడ్డించేటప్పుడు నిమ్మబద్ద ఇవ్వడం వంటి చిన్న మార్పులు అదే ఖర్చుతో ఎక్కువ ఫలితమిస్తాయి.

వారానికో నీలి మాత్ర

ఆహారం ఎంత మెరుగుపరచినా బాలికకు కావలసిన 30 మిల్లీగ్రాములు పూర్తిగా అందడం కష్టం. ఆ మిగిలిన లోటును పూడ్చడానికే 2013లో కేంద్ర ప్రభుత్వం వారానికొకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు అందించే కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2018లో మొదలైన 'అనీమియా ముక్త్ భారత్' దీన్ని మరింత విస్తరించింది. 10 నుంచి 19 ఏళ్ల వారికి ఇచ్చే నీలి రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు ఇచ్చేది గులాబీ రంగు మాత్ర. నీలి మాత్రలోని ఇనుమును ఏడు రోజులకు పంచితే రోజుకు ఎనిమిదిన్నర మిల్లీగ్రాములు వస్తుంది. మంచి పళ్లెంలో మిగిలిపోయిన లోటు కూడా సుమారుగా అంతే. మాత్ర ఆహారానికి ప్రత్యామ్నాయం కాదు, ఆహారం మాత్రను అనవసరం చేయదు. రెండూ కలిస్తేనే లెక్క సరిపోతుంది.

మాత్ర వేసుకున్న రోజు కొందరికి వికారం, కడుపులో మంట కలుగుతాయి. మలం నల్లగా వస్తుంది. ఒంటబట్టని ఇనుము బయటికి పోవడం వల్లనే ఈ రంగు మార్పు. దీంతో హాని లేదు. ఖాళీ కడుపుతో కాక మధ్యాహ్న భోజనం తర్వాత వేసుకుంటే ఇబ్బందులు చాలావరకు తగ్గుతాయి. ఈ విషయం ముందుగా చెప్పకపోవడంతో ఒకరికి వాంతి కాగానే తరగతి మొత్తం భయపడి మాత్రలను కిటికీలోంచి పారవేయడం జరుగుతుంది. ఉపాధ్యాయుల సమక్షంలో, వారు కూడా ఒక మాత్ర వేసుకుంటూ ఇచ్చినప్పుడు భయం పోతుంది. సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లే మాత్ర చాలాసార్లు సంచిలోనే ఉండిపోతుంది.

ఇప్పటికే రక్తహీనత ఉన్నవారికి వారానికో మాత్ర సరిపోదు. వైద్యుల సూచన మేరకు రోజూ మాత్రలు వాడవలసి ఉంటుంది. ఎర్ర రక్త కణం ఆయువు సుమారు 120 రోజులు కనుక చికిత్స కనీసం మూడు నెలలు సాగాలి. నీరసం తగ్గిందని పదిహేను రోజులకే ఆపివేస్తే హిమోగ్లోబిన్ పెరిగినా నిల్వలు నిండవు. నెల రోజులు క్రమంగా వాడినా హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరగకపోతే కారణం వేరే ఉందని భావించి పెద్దాసుపత్రికి పంపాలి. 8 గ్రాముల కంటే తక్కువ ఉన్న బాలికకు ఆసుపత్రిలోనే చికిత్స అందించాలి. మాత్రలను టీతోనూ, పాలతోనూ, క్యాల్షియం మాత్రలతోనూ కలిపి వేసుకోరాదు.

ఇనుము ఒక్కటే కాదు

రక్తహీనతకు ఇతర కారణాలూ ఉన్నాయి. సమగ్ర జాతీయ పోషకాహార సర్వే కౌమార వయస్కుల్లో 37 శాతం మందికి ఫోలేట్ లోపం, 31 శాతం మందికి బి12 విటమిన్ లోపం ఉన్నట్లు గుర్తించింది. బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగులో మాత్రమే సహజంగా లభిస్తుంది. శాకాహార కుటుంబాల బాలికలకు పాలు, పెరుగు తగినంత ఇవ్వడం అందుకే ముఖ్యం. ఫోలేట్ ఆకుకూరలు, పప్పుధాన్యాల్లో దొరుకుతుంది. ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే నశిస్తుంది.

కొంకి పురుగులు పేగు గోడలకు అతుక్కుని రక్తాన్ని పీలుస్తాయి. మలంతో కలుషితమైన నేల మీద చెప్పులు లేకుండా నడిచినప్పుడు వీటి పిల్లలు చర్మం గుండా శరీరంలోకి చొరబడతాయి. పురుగుల నివారణకు 2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుపుతున్నారు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఆల్బెండజోల్ మాత్రలు అందిస్తారు. ఆ రోజు బడికి రాని పిల్లలకు తర్వాతి విడతలో తప్పక వేయించాలి. మన్యం ప్రాంతాల్లో మలేరియా, వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ వ్యాధి కూడా రక్తహీనతకు దారితీస్తాయి. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జులైలో జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. ఈ వ్యాధి ఉన్నవారు వైద్య సలహా లేకుండా ఇనుము మాత్రలు వాడరాదు.

గుర్తించడం ఎలా?

కింది కనురెప్పను లాగి చూస్తే లోపలి భాగం ఎర్రగా కాక పాలిపోయి ఉండటం, నాలుక, అరచేతులు, గోళ్లు తెల్లబారడం, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, తరచూ తలనొప్పి, జుట్టు రాలడం ముఖ్య లక్షణాలు. లోటు బాగా ముదిరితే గోళ్లు చెంచాలా గుంటపడతాయి. పచ్చి బియ్యం నమలడం, బలపాలు, సుద్దముక్కలు, మట్టి తినాలనిపించడం కూడా ఇనుము లోపానికి సూచన కావచ్చు. బియ్యం డబ్బా దగ్గర కూతురు కనిపిస్తే తిట్టి ఊరుకోవడం కాదు, రక్త పరీక్ష చేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో హిమోగ్లోబిన్ పరీక్ష ఉచితం.

నష్టం ఎంతటిది?

రక్తం తక్కువగా ఉన్న బాలిక తరగతిలో కూర్చున్నా పాఠం తలకెక్కదు. ఆటల్లో వెనుకబడుతుంది. నెలసరి రోజుల్లో బడి మానేస్తుంది. మార్కులు తగ్గుతాయి. 'దీనికి చదువు రాదు' అన్న ముద్ర పడుతుంది. చదువు ఆగిన ఇంట పెళ్లి మాట వినిపిస్తుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే వివాహమైంది. 15 నుంచి 19 ఏళ్ల వారిలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భిణులు. నిల్వలు ఖాళీ అయిన శరీరంతో గర్భం దాల్చిన బాలికకు ప్రసవ సమయంలో కొద్దిపాటి రక్తస్రావమైనా ప్రాణాపాయమే. పుట్టే బిడ్డ తక్కువ బరువుతో, తక్కువ ఇనుము నిల్వలతో పుడుతుంది. ఆ బిడ్డ ఆడపిల్లయితే అదే కథ మరో తరానికి సంక్రమిస్తుంది. గర్భం దాల్చాక తొమ్మిది నెలల్లో ఈ లోటును పూడ్చడం కష్టం. పదో ఏట నుంచి పద్దెనిమిదో ఏట దాకా ఉన్న సమయమే అందుకు అనువైనది.

ఎవరి వంతు ఎంత?

ఇంట్లో రోజుకు ఒక పూట అన్నానికి బదులు రొట్టె లేదా సంగటి, వారానికి నాలుగు రోజులు ఆకుకూర, రెండు రోజులు ఉలవలు లేదా మొలకలు, భోజనంతో నిమ్మ లేదా జామ, భోజనానికీ టీకీ మధ్య గంట విరామం.. ఈ ఐదింటిని పాటించడం తల్లిదండ్రుల వంతు. గుడ్డు, మాంసం వండిన రోజు కూతురి పళ్లెంలో సమాన వాటా ఉందో లేదో చూడవలసింది వారే.

నీలి మాత్రను ఎదుట వేయించడం, ఏడాదికి రెండుసార్లు హిమోగ్లోబిన్ పరీక్ష జరిగేలా చూడటం, తక్కువ వచ్చిన బాలికల పేర్లను నలుగురిలో చదవకుండా తల్లులకు తెలియజేయడం పాఠశాలల బాధ్యత. పరీక్షించి సంఖ్య రాసుకోవడంతో పని ముగిసినట్లు కాదు. 9 గ్రాములున్న బాలికకు మూడు నెలల తర్వాత ఎంత ఉందో తిరిగి చూసినప్పుడే ఆ సంఖ్యకు అర్థం. బడి మానేసిన బాలికల పేర్లు హాజరు పట్టికలో ఉండవు కనుక వారిని వెతికి మాత్రలు అందించే పని ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలపై ఉంది. సంక్షేమ వసతి గృహాలు, కస్తూర్బా విద్యాలయాల్లో మూడు పూటలా భోజనం ఒకేచోట అందుతుంది కాబట్టి ఆహార మార్పును అక్కడి నుంచే మొదలుపెట్టడం సులువు.

రక్తహీనత ఒక్కరోజులో వచ్చే జబ్బు కాదు, ఒక్క మాత్రతో పోయేదీ కాదు. ఖరీదైన మందులు, అరుదైన ఆహారం దీనికి అవసరం లేదు. చేనులో పండే ఉలవలు, పెరట్లో కాసే మునగాకు, బడిలో ఇచ్చే గుడ్డు, వారానికొక నీలి మాత్ర చాలు. అవి బాలిక నోటి దాకా చేరుతున్నాయో లేదో ఇంట్లో ఒకరు, బడిలో ఒకరు గమనిస్తూ ఉండాలి.